టిక్కీలో మోగిన ఫోను

కోటేష్ తన ఫోనును మిరపకాయల్లో దాచాడంటే నవ్వకండి. అంతకు ముందు దాచిన చోట్లన్నీ కూతురు శ్రీదివ్య పసిగట్టేసింది మరి. బియ్యం డబ్బాలో పెడితే ఎసరు మరిగేలోపే దొరికింది. బీరువాలో పెళ్లి చీర మడతల్లో పెడితే ఆ పిల్లకు ఉన్నట్టుండి అమ్మ చీరల మీద మక్కువ పుట్టింది. తవుడు బస్తాలో పెడితే, ఏనాడూ కొట్టం వైపు తొంగిచూడని మనిషి గేదెకు దాణా పెట్టొస్తానని బయల్దేరింది.

ఇదంతా బడిలో తల్లిదండ్రుల మీటింగుతో మొదలైంది. ఏడో తరగతి టీచరు మహిమ అందరినీ కూర్చోబెట్టి, పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఎత్తుకుంది. అంతవరకు కోటేష్ శ్రద్ధగానే విన్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను టింగుమంది. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీ, కొత్త వీడియో. బల్ల కింద పెట్టుకుని చూశాడు. ఎడ్లు బండను గీత దాటించాక తలెత్తేసరికి మీటింగు అయిపోయి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయనా కొట్టాడు.

ఇంటికొచ్చి గడపలోనే తీర్పు చెప్పేశాడు.

"ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్లో పిల్లలెవరూ ఫోను ముట్టుకోటానికి లేదు. టీచరుగారు గట్టిగా చెప్పింది."

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కతే పిల్ల. భార్య నాగజ్యోతిది మీటల ఫోను, మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాదు. "మరి పెద్దవాళ్ళ సంగతేందండీ?" అని ఆవిడ అడిగితే, పెద్దవాళ్ళకు సవాలక్ష పనులుంటాయని సెలవిచ్చాడు. ఆ పనుల్లో ముఖ్యమైనది, కంచం ముందు ఫోను నిలబెట్టుకుని ఎడ్లను చూస్తూ అన్నం తినడం.

సోమవారం బేరానికి సరుకు ఆదివారమే గుంటూరు మిర్చి యార్డు చేరాలి. ఆ పొద్దున కల్లంలో కాయలు బస్తాలకెత్తుతున్నారు. మిరప బస్తాను మనవాళ్ళు టిక్కీ అంటారు. సగం నిండిన టిక్కీ ఒకటి నోరు తెరుచుకుని ఉంది. అంతలో శ్రీదివ్య క్యారేజీ పట్టుకుని గట్టు మీద కనిపించింది. కోటేష్ బుర్ర చురుగ్గా పనిచేసింది. చెయ్యి పెడితే సాయంత్రం దాకా మండే కాయలు, ఇందులో చెయ్యి పెట్టే ధైర్యం ఏ పిల్లకుంటుంది? ఫోను సైలెంట్‌లో పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి, మోచేతి లోతున దోపి, కూతురు వెళ్ళాక తీసుకోవచ్చులే అని టీ తాగడానికి వెళ్ళాడు.

బస్తాలు కుట్టే హయాత్ ఒకడున్నాడని మర్చిపోయాడు. హయాత్ పని రాక్షసుడు. ఆ టిక్కీ నింపి, లోపల నిలబడి తొక్కి, మళ్ళీ నింపి, దబ్బనంతో మూతి కుట్టి, అన్నిటితో పాటు లారీకి ఎత్తించి, తనూ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

కోటేష్ తిరిగొచ్చేసరికి కల్లం ఖాళీ. అయినా ఆయనకు ఫోను గుర్తు రాలేదు. తాపీగా క్యారేజీ విప్పి, ముద్ద కలిపి, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

వ్యాపారి నంబరు, బ్యాంకు గొడవలు, సమస్తం అందులోనే ఉన్నాయి. రేపు బేరమైపోతే ఆ టిక్కీ ఏ ఊరి మిల్లుకు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. అన్నిటికంటే కష్టమైన పని, ఈ సంగతి ఇంట్లో చెప్పడం. ఇంటికెళ్ళి అదీ చేశాడు.

"రింగివ్వండి," అంది నాగజ్యోతి తన ఫోను చాపుతూ.

"సైలెంట్లో పెట్టా."

"ఎందుకు?"

"అమ్మాయికి వినపడకూడదని."

"పోనీ హయాత్‌కి చెయ్యండి. నంబరు చెప్పండి."

"ఆ ఫోన్లోనే ఉంది."

నాగజ్యోతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. శ్రీదివ్య మాత్రం నవ్వలేదు.

"సైలెంట్లో ఉన్నా మోగించొచ్చు నాన్నా. మా మహిమ టీచరు ఫోను పోతే అట్టాగే వెతికాం. నెట్ ఉన్న వేరేవాళ్ళ ఫోనొకటి కావాలి. కాకపోతే మనం దగ్గరుండాలి, లేకపోతే ఎవరికి వినపడుద్ది?"

"పాస్‌వర్డూ అదీ అంటారేమో."

"నాకు తెలుసులే. ఆ ఫోనుకి అన్నీ పెట్టింది నేనేగా."

తండ్రీ కూతుళ్ళు గుంటూరు బస్సెక్కారు. బస్సులో ఎవరి ఫోనులో వాళ్ళు తల దూర్చి ఉన్నారు. కోటేష్ చెయ్యి పదేపదే జేబులోకి వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోంది. కిటికీలోంచి పత్తిచేలు చూశాడు, అవి రోజూ చూసేవే. ఇక వేరే దారిలేక కూతురి వైపు తిరిగాడు.

"బళ్ళో ఏందమ్మా విశేషాలు?"

శ్రీదివ్య అనుమానంగా చూసింది. "నిజంగా అడుగుతున్నావా?"

"నిజంగానే."

"ఖోఖోకి కెప్టెన్ని ఎన్నుకోవాలి. నేనా, ఉదయశ్రీనా అని. ఉదయశ్రీ బాగా పరిగెడుద్ది, అందరూ దాని వైపే. నీకు చెప్దామని ఎన్నిసార్లో వచ్చా, ఎడ్లు చూస్తున్నావు. సరే, అప్పుడు మా సిద్దికా లేచింది. నా పక్కన కూర్చుంటదే, ఆ సిద్దికా. లేచి టీచరుతో ఏమందంటే..."

"గుంటూరు, దిగాలి, దిగాలి," అన్నాడు కండక్టరు.

యార్డులో టిక్కీలు వరుసలు కట్టి ఉన్నాయి. ఘాటుకు దగ్గుకుంటూ వెతికితే, తమ టిక్కీల మీదే హాయిగా పడుకుని కనిపించాడు హయాత్. సంగతి విని, "నేను దాన్ని తొక్కానన్నా," అని నోరు నొక్కుకున్నాడు. శ్రీదివ్య అతని ఫోను తీసుకుని ఏవో నొక్కింది.

టిక్కీల మధ్యలోంచి ఫోను గణగణా మోగింది.

హమాలీలు పని ఆపి మూగారు. ఒక్కో టిక్కీకి చెవి ఆనించి, ఇది కాదు అది అని వాదించుకున్నారు. పక్క కొట్టు ముందున్న పెద్దాయన, "ఏం విత్తనమండీ ఇది?" అని కోటేష్‌ను మర్యాదగా అడిగాడు. యార్డంతా నవ్వు. కోటేష్‌కు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

చివరికి హయాత్ ఒక టిక్కీ కుట్టు విప్పాడు. కోటేష్ భుజం దాకా చెయ్యి దూర్చి ఫోను లాగాడు. బతికే ఉంది. సైలెంట్ తీసేసి చూస్తే వ్యాపారి చేసిన కాల్స్, వాటి పైన ఎడ్ల కొత్త వీడియో. వేలు తనంతట తనే దాని మీదికి పోయింది. ఎడ్లు కదిలాయి.

శ్రీదివ్య హయాత్ ఫోను అతనికిచ్చేసి, పక్కన నిలబడి హమాలీలను చూస్తోంది. ఆ మొహంలో కోపముంటే కోటేష్ గదమాయించి ఊరుకునేవాడు. కోపం లేదు. ఇలాగే అవుతుందని ముందే తెలిసిన మొహం అది. కోటేష్‌కు నిజంగా సిగ్గేసింది.

"ఆ సిద్దికా లేచి ఏమందమ్మా?"

"నువ్వు చూసుకో నాన్నా. తర్వాత చెప్తాలే."

ఎడ్లు గీత దాటకముందే ఆపేసి ఫోను జేబులో పెట్టాడు. ఆయన జీవితంలో ఇది మొదటిసారి.

"ఇప్పుడు చెప్పు."

"శ్రీదివ్యని కెప్టెన్ని చెయ్యండి టీచర్, అప్పుడన్నా వాళ్ళ నాన్న ఆట చూడటానికొస్తాడు, అంది. అంతే, అందరూ నాకే చేతులెత్తారు. ఉదయశ్రీ కూడా ఎత్తింది."

కోటేష్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక ఏ మిరప రైతూ చేయని పని చేశాడప్పుడు, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత కాసేపు యార్డులో ఫోను మోతను మించి ఆయన కేకలు వినిపించాయి. హయాత్ కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాడు. శ్రీదివ్య సీసాతో నీళ్ళు కొడుతూ, ఇదే అదనుగా చెప్పాల్సింది చెప్పేసింది.

"ఫోను పూర్తిగా మానిపించమని చెప్పలేదు మహిమ టీచరు. ఎప్పుడు, ఎంతసేపు, దేనికి అని ఇంట్లో అందరూ కూర్చుని అనుకోమంది. పెద్దాళ్ళు కూడా ఆ మాట మీదే ఉండాలంది. ఆ సగం నువ్వు వినలా. నేను కిటికీ దగ్గర నిలబడి చూశా, బల్ల కింద ఎడ్లు."

కోటేష్ జేబులో ఫోను టింగుమంది. కళ్ళు తెరవలేక, తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఎవరో చూడమ్మా."

"ఎడ్లు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాక చూద్దాం, ఇద్దరం. ఆట ఎప్పుడో అడగవేం?"

"ఎప్పుడమ్మా?"

"బుధవారం."

"వస్తా," అన్నాడు కోటేష్ కళ్ళు మూసుకునే.

ఆ మాట మీద అంత నమ్మకం కుదరక, శ్రీదివ్య ఆ ఫోనులోనే బుధవారానికి అలారం పెట్టింది.