ఎడమకు తిరిగితే వెలిగే లైటు

శుక్రవారం వైదేహి పెళ్లి. ఐదో తరగతిలో తన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల కాబట్టి, పెళ్లికొడుకును నంద్యాల స్టేషన్ నుంచి అహోబిలానికి తన ఫియట్ కారులోనే తెస్తానని మత్తయి మేష్టరు మాటిచ్చాడు. రిటైరయ్యాక ఆళ్లగడ్డలో ఆ పాత కారే ఆయనకు జీవనాధారం. మంగళవారం పెళ్లికూతురి తల్లి అలమేలుమంగను చీరల కోసం నంద్యాలకు తీసుకొచ్చి, పనిలో పనిగా కార్లు బాగుచేసే కంపెనీ షెడ్డు ముందు ఆపాడు. రెండు రోజులుగా స్టీరింగు ముందున్న ఆయిలు లైటు ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది.

షెడ్డు సూపర్‌వైజరు కృష్ణస్వామి కారు కిటికీలోంచి తొంగిచూసి తేల్చేశాడు.

"ఆయిలు ప్రెషరు లేదు. బేరింగులు అరిగినాయి. ఇంజిన్ దించాల. ఎనిమిది దినాలు పడతాది."

ఎనిమిది దినాలంటే పెళ్లి దాటిపోతుంది.

"బోనెట్టు ఎత్తి చూడకనే?"

"లైటే చెప్తాంది గదప్పా, నేను జూసేదేముంది?"

ముప్పై ఏళ్లు పిల్లల చేత లెక్కలు చేయించినవాడు మత్తయి. జవాబు రాసి లెక్క చేసిన దారి చూపించకపోతే ఎవరికీ మార్కులివ్వలేదు.

"పొద్దున చూసినా, ఆయిలు నిండుగా ఉండాది. బేరింగులు పోయింటే ఇంజిన్ కొట్టుకోవాల, ఆ సప్పుడు లేదు. ఇంకోటి విను. ఈ లైటు ఎడమకు తిరిగితే వెలుగుతాది, కుడికి తిరిగితే ఆరుతాది. అరిగిన బేరింగుకు కుడిఎడమలు ఎట్ల తెలుస్తాయప్పా?"

పక్కన టైరు విప్పుతున్నవాళ్లు పని ఆపి నవ్వారు. కృష్ణస్వామి చెవి వెనకున్న పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి ఇట్ల?"

"ఆదివారం నుంచి. ఆ పొద్దు అహోబిలం పోయి ఈయమ్మ వాళ్లింట్ల కాఫీ తాగితి, అంతే."

వెనక సీట్లో చీరల మూట ఒళ్లో పెట్టుకున్న అలమేలుమంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మత్తయన్నా, ఒక మాట. కోపం చేసుకోగూడదు."

"చెప్పమ్మా."

"పెళ్లికొడుకు ఎక్కే బండి గదా, ముందర నిమ్మకాయ కడతానంటే నువ్వు వద్దంటివి."

"మా పాస్టరు చూస్తే ఊరుకోడంటి."

"అందుకే కనపడకుండా కట్టినా. నీళ్లు పోసేకని బోనెట్టు ఎత్తిపెట్టి కాఫీకొస్తివే, అప్పుడు. లోపల, అడుగున."

"దేంతో కడితివి?"

"దారమైతే ఆ వేడికి కాలిపోదా? ఇనుప తీగతో కట్టినా."

కృష్ణస్వామే వెళ్లి బోనెట్టు ఎత్తాడు. ఇంజిన్ పక్క సందులో సగం ఉడికిన నిమ్మకాయ, నల్లబడ్డ మిరపకాయలు ఐదు. మిగిలిన తీగ కొస, ఆయిలు లైటు వైరు బిగించిన చోటి పక్కనే వేలాడుతోంది. అది అక్కడ తగిలితే చాలు, ఆయిలు ఎంతున్నా పైన లైటు వెలుగుతుంది. కారు ఎడమకు తిరిగినప్పుడల్లా ఊగి తగులుతోంది.

కటింగు ప్లేయరుతో తీగ కత్తిరించి, నిమ్మకాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు కృష్ణస్వామి.

"ఇంజిన్ దించాల్నా అప్పా?" అన్నాడు మత్తయి.

"ముందు దీన్ని యాడ పారెయ్యాల్నో చెప్పు మేష్టరూ. తొక్కేచోట వేస్తే ఈయమ్మ ఊరుకోదు."

అలమేలుమంగకు కూడా నవ్వు ఆగలేదు.

ఆళ్లగడ్డ దాకా లైటు వెలగలేదు. అయినా ఇద్దరికీ నమ్మకం కుదరలేదు, ఎందుకంటే అహోబిలం మలుపు ఎడమకే. మలుపు దగ్గరికి రాగానే ఆమె ముందు సీటు మీద గడ్డం ఆనించింది. మత్తయి మెల్లగా తిప్పాడు. లైటు నల్లగా, కళ్లు మూసుకున్నట్టు ఉంది.

"ఇంకోసారి తిప్పన్నా. నేను రెప్ప కొట్టినా."

వెనక్కి తీసి మళ్లీ తిప్పాడు. మలుపులోని సోడా అంగడి ఆదినారాయణ వింతగా చూశాడు.

"ఏందీ మేష్టరూ, దారి మర్సినావా?"

"లేదప్పా, పెండ్లికి పోతాండాం" అంటూ మత్తయి కారు మళ్లీ వెనక్కి తీసి, మూడోసారి ఎడమకు తిప్పాడు.