లండన్లో అచ్చేసిన బాణీ

తెనాలి నాటక పరిషత్తు హాలు గోడమీద పేరుమోసిన కళాకారుల ఫొటోలు పధ్నాలుగున్నాయి. పదిహేనోది తన తండ్రిది కావాలని రిటైరైన లెక్కల మాస్టారు వెంకటరాఘవయ్య కోరిక. తండ్రి వేంకటసుబ్రహ్మణ్యం నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. "నా బాణీ లండన్లో అచ్చేశారు" అని ఊరంతా చెప్పుకునేవాడట. రాఘవయ్యకి మూడో ఏడు నిండకుండానే ఆయన పోయాడు. ఆ బాణీ ఎట్లా ఉంటుందో కొడుకు వినలేదు. మిగిలినవల్లా పాత హార్మోనియం పెట్టె, దానిమీద ఒక అచ్చుకాగితం. కాగితం నిండా అయిదేసి గీతలు, గీతల మీద తోకలున్న నల్ల చుక్కలు.

"పెట్టమంటే పెట్టేస్తే రేపు ప్రతివాడూ వాళ్ల తాత ఫొటో పట్టుకొస్తాడు మాస్టారూ," అన్నాడు పరిషత్తు కార్యదర్శి కోటేశ్వరరావు. "ఆ కాగితం ఏంటో వార్షికోత్సవం లోపు తేల్చుకు రండి."

కాగితం పైన ఇంగ్లీషు అక్షరాలున్న మాట నిజమే. కానీ రాఘవయ్య భార్య శేషారత్నం కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ప్రతి దసరాకీ పెట్టెతోపాటు కాగితాన్నీ పూజలో పెట్టింది. అక్షరాల మీద పసుపు అట్టకట్టింది.

"కాస్త గీకితేనో?"

"పూజలో పసుపు గీకుతారా? గోడ సున్నం అనుకున్నారా? పైగా దాన్ని ఊళ్లు తిప్పడానికి వీల్లేదు. వీధి చివర జిరాక్సు తీయించుకుని గంటలో తెచ్చి పెట్టేయండి. చెప్పులతో ముట్టుకోకండి."

ఆ జిరాక్సు పట్టుకుని రాఘవయ్య బాపట్ల రైలెక్కాడు. అక్కడ చర్చిలో ఆర్గన్ వాయించే జకరయ్యకి ఆ గీతల సంగీతం చదవడం వచ్చు. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు వరసలు వాయించి ఆగిపోయాడు.

"ఇది రాసినాయన భోంచేసి రాశాడంటారా, ఇంకేదన్నా పుచ్చుకుని రాశాడంటారా?"

"అంత మాటనేశారేంటండీ!"

"మరేంటండీ, బుద్ధిగా నడుస్తా నడుస్తా ఉన్నట్టుండి మేడెక్కుద్ది. అక్కణ్ణించి దూకుద్ది. కొన్ని చుక్కలకి తోకలు కూడా చెరిగిపోయినయ్యి. నలభై ఏళ్లుగా వాయిస్తన్నాను, దొరలెవళ్లూ ఇట్టా రాయరండి."

"రాయరుగా! మా నాన్నే!" రాఘవయ్య కళ్లు తుడుచుకున్నాడు.

జకరయ్య మళ్లీ వాయించాడు. ఈసారి ఆయన తల కూడా ఊగింది. "బాగుందండోయ్" అంటూ తనకో కాపీ రాసుకున్నాడు. ఇది దొరల పాట కాదు, సొంత బాణీ అని కోటేశ్వరరావుకి ఉత్తరం వేస్తానన్నాడు. "అచ్చు ఎక్కడిదో మాత్రం రేపల్లెలో మోషేగారు చెప్పాలి. దొరలు వదిలేసిపోయిన పాటల పుస్తకాలన్నీ ఆయన బీరువాలోనే ఉన్నయ్యి."

మర్నాడు రేపల్లెలో ఎనభై ఏళ్ల మోషే జిరాక్సు చూసి ఏమీ వాయించలేదు. బీరువాలోంచి చెదపురుగులు మిగిల్చిన పుస్తకం తీసి ఇరవై మూడో పేజీ తెరిచాడు.

"ఇదే గదా బాబూ?"

అదే. పైన ఇంగ్లీషులో, పసుపు లేకుండా, తేటగా ఉంది: పిల్లలకు హార్మోనియం, ఆరో పాఠం.

"లండన్లోనే అచ్చేశారు. అప్పట్లో పెట్టె కొన్నోళ్లకి ఇది ఊరికే ఇచ్చేవోళ్లు."

"మరి... దొరలిట్టా రాయరని జకరయ్యగారు..."

మోషే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెన్సిలుతో లెక్కపెట్టాడు. "నీ కాగితంలో తొంభై మూడు చుక్కలు ఎక్కువున్నయ్యి. ఒక్కదానికీ తోక లేదు. ఏంటి బాబూ ఇయ్యి?"

లెక్కల మాస్టారు తొంభై మూడుని మూడుతో భాగించాడు. ముప్పై ఒకటి. తన పెళ్లయి ముప్పై ఒక్క దసరాలు. దసరాకి మూడు కుంకుమ బొట్లు. జిరాక్సు మిషనుకి ఎరుపూ నలుపూ ఒకటే.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే శేషారత్నం నొచ్చుకుంది. "నేనేం పాడు చేశానా? నల్లవాటి మీద పెడితే అవి కనపడవని ఖాళీ చూసుకుని పెట్టాను."

వార్షికోత్సవం నాటికి కోటేశ్వరరావు చేతిలో జకరయ్య ఉత్తరం ఉంది. "ఇంకేం కావాలి మాస్టారూ! మేకు కూడా కొట్టించేశాను. ఫొటో తెచ్చారా?"

ఫొటో రాఘవయ్య చంకలోని సంచిలోనే ఉంది. నిజం తెలిసిన మోషే ముసలాయన రేపల్లె దాటి రాడు. మేకు నిగనిగలాడుతోంది. రాఘవయ్య సంచి మూతి ముడేశాడు.

"అది మా నాన్న బాణీ కాదండి."

"మరి ఎవరిది?"

"మా ఆవిడది."

జరిగిందంతా విని కోటేశ్వరరావు కుర్చీలో కూలబడి నవ్వాడు. చివరికి పై కండువాతో మొహం తుడుచుకుని, "ఫొటో పెట్టడానికి వీల్లేదు మాస్టారూ. పోయినవాళ్లవే పెట్టాలని రూలు. చెల్లెమ్మకేం తొందర లేదుగా?" అన్నాడు.

"లేదండి."

మేకుకి క్యాలెండరు తగిలించారు. జకరయ్యని పిలిపించి ఆ రాత్రి తెర లేచేటప్పుడు ఆ బాణీయే వాయించారు. అది మేడెక్కినచోట జనం ఈలలు వేశారు.

ఆ ఏడు దసరాకి శేషారత్నం కుంకుమ వేలితో కాగితం ముందు ఆగింది.

"ఏంటి ఆలోచన?" అన్నాడు రాఘవయ్య.

"ఇన్నాళ్లూ తెలియక పెట్టాను. ఇప్పుడు భయంగా ఉంది. ఎక్కడ పెట్టమంటారు?"

రాఘవయ్య తండ్రి పెట్టె తెరిచాడు. ఎలకలు వదిలేసిన మెట్లలో ఒకటి నొక్కి, చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపి, దాని పక్కది నొక్కాడు.

"పై గీత మీద," అన్నాడు.