పదకొండేళ్ల గాలి

మా బాబాయిని లాబ్‌లో అందరూ పెట్టెలాయన అనేవాళ్లు. అడవిలో చెట్ల మొదళ్లకి ప్లాస్టిక్ పెట్టెలు బిగించి, పది నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి లాగి, చిన్న సీసాల్లో ఎక్కించుకొచ్చేవాడు. ఆ గాలిలో మీథేన్ ఎంతుందో మిషన్ మీద చూసేది నేను. నాకా ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

ఆ అడవిలో చెట్లు కాండంలోంచి మీథేన్ వదులుతున్నాయని మొదట చెప్పింది బాబాయి. ఎవరూ నమ్మలేదు. పదకొండేళ్లు, వారం తప్పకుండా తిరిగి కొలిచాడు. జలగలు పట్టినా, మోకాళ్లు అరిగినా మానలేదు. చివరికి నమ్మారు.

పోయిన ఎండాకాలం ఆ అడవి తొమ్మిది రోజులు మండింది. బాబాయి వెళ్లి చూసొచ్చి, "మసి తప్ప ఏం మిగల్లేదే అమ్మాయ్" అన్నాడు. ఆ మర్నాటి నుంచే చివరి పట్టిక రాయడానికి కూర్చున్నాడు. "చెట్లెలాగూ పోయాయి. వాటి ఊపిరైనా కాగితం మీద ఉండనీ."

ఆ పట్టిక కింద 'పెట్టె తనంతట తాను మీథేన్ వదలదు' అని ఒక్క వాక్యం రాద్దామని, స్టోర్ రూంలో మిగిలిన పెట్టె తెచ్చి ఇనప గొట్టానికి బిగించాను. ఇనుము ఏమీ వదలదు కదా. కానీ మిషన్‌లో గీత పైకి లేచింది. సీసా మార్చి మళ్లీ చేశాను. లేచింది. ఎండలో పెడితే ఇంకా లేచింది. పెట్టె అంచుకి రబ్బరు అంటించిన జిగురు ఉంది చూశారూ, దాని ఆవిరినే నా మిషన్ మీథేన్ అని చదువుతోంది.

నాలుగు రోజులు మళ్లీ మళ్లీ అదే కొలిచాను. అయిదో రోజు టీ తీసుకెళ్లి చెప్పాను.

"మిషన్ పాడైందేమో చూడు."

"చూశాను బాబాయ్. రెండోది కూడా తెప్పించి చూశాను."

"అయితే జిగురుది తీసేద్దాం. తీసివేతలు నాకూ వచ్చులే" అని నవ్వబోయాడు.

"ఎంత తీసేయాలో తెలీదు. ఎండని బట్టి మారుతోంది, పెట్టె పాతబడితే మారుతోంది."

"మరి చెట్లు? అసలేం వదల్లేదా?"

"వదిలాయేమో. లేదేమో. ఇప్పుడెలా తెలుస్తుంది?"

టీ గ్లాసు ముట్టుకోలేదు. "మొదటి ఏడాదే ఈ పని చేసుంటే..." అని ఆగిపోయాడు.

చేయాల్సింది నేనే. ఆయన తెచ్చాడు కదా అని నేను నమ్మాను. నేను చూశాను కదా అని ఆయన నమ్మాడు.

"తిట్టు బాబాయ్" అన్నాను.

"ఏమని తిట్టమంటావు?" అన్నాడు, గొంతు పెంచకుండా. తిట్టి ఉంటే బాగుండేది.

లెక్కలన్నీ వెనక్కి తీసుకుంటున్నామని, వాటిని అచ్చేసిన పత్రికకి ఉత్తరం నేనే టైప్ చేశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టేసి ఇంటికెళ్లిపోయాడు. మళ్లీ లాబ్‌కి రాలేదు.

వారం తర్వాత పిన్ని ఫోన్ చేసింది. "ఏమే, మీ బాబాయి గెడ్డం గీసుకోడు, బట్టలు మార్చడు. పిలిస్తే ఊ అంటాడంతే. అక్కడెవరైనా ఏమన్నా అన్నారా?"

"నేనే అన్నాను పిన్నీ." జరిగిందంతా చెప్పాను.

పిన్ని అంతా వింది. తర్వాత అడిగింది. "అడవే లేదుగా. ఈ మాట నీ కడుపులో దాచుకోలేకపోయావా?"



ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బాబాయే తలుపు తీశాడు. "రా అమ్మాయ్" అన్నాడు. నేను చెప్పులు విప్పేలోపే లోపలికెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.