కొలత లేని సామి

మా నాన్న దర్జీ. నేనూ దర్జీనే. కాకపోతే ఆయన పాటలు కడతాడు, నేను గుండీలు కుడతాను.

అరవై ఏళ్ళుగా మిషను తొక్కుతూ, ఆ చప్పుడుకే వరస కలిపి దేవుడి మీద పాడుతూనే ఉన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆయన పాడుతుంటే కొలతల పుస్తకంలోనే, నడుము ముప్ఫైనాలుగు, చెయ్యి ఇరవైమూడు అని రాసిన దాని కిందే పాట రాసుకునేవాణ్ణి. అలా నూట ఎనిమిది అయ్యాయి. ప్రతి పాటా ఒకే మాటతో ముగుస్తుంది. "కొలత లేని సామీ". వేలిముద్ర కాకుండా ఆయనకున్న సంతకం అదొక్కటే. ఆ మాట వల్లే వీధిలో అందరికీ కొలతల తాత అయ్యాడు.

ఆ పాటలు పాడుకునేవాళ్ళంతా కలిసి పుస్తకం వేయిస్తామన్నారు. తప్పులు దిద్దే పని రిటైరైన తెలుగు మాష్టారికి అప్పజెప్పారు. అచ్చుకు పోవడానికి ఒకరోజు ముందు, ప్రెస్సులో కంపోజింగ్ చేసే అమ్మాయి కాగితాల కట్ట మా కొట్టుకు పట్టుకొచ్చింది. మాష్టారూ వెంట వచ్చారు. మొదటి పాట నాన్నకు చదివి వినిపించాను. చివరి మాట దగ్గర నోరు ఆగిపోయింది.

"ఏరా, ఆపేశావేం?" అన్నాడు నాన్న.

"కొలువు లేని సామీ అని ఉంది నాన్నా."

నాన్న సూదిలో దారం ఎక్కిస్తూనే నవ్వాడు. "అదేంట్రా, దేవుడికి ఉద్యోగం పీకేశారా?"

అమ్మాయి నాలుక కరుచుకుంది. "మాష్టారే చెప్పారు తాతగారూ, కొలత అన్నచోటల్లా కొలువు పెట్టమని. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కాను. నూట ఎనిమిదీ మారిపోయాయి."

మాష్టారు గొంతు సవరించుకున్నారు. "లేని తీసేసి కొలువున్న సామీ అని అమ్మాయే సరిచేసుకుంటుంది కదా అనుకున్నా. అయినా ఏమయ్యా, కొలత అనేది దర్జీకొట్టు మాట. దేవుడి పాటలో ఎబ్బెట్టుగా ఉండదూ?"

నాకు ఒళ్ళు మండింది. కానీ అంత చదువుకున్నాయనకు నేనేం చెప్పను? నాన్న వైపు చూశాను. ఆయన మెత్తటి మనిషి, పోనీలేరా అంటాడేమోనని నా భయం. ఆ మాట పోతే పుస్తకం ఉంటుంది, అందులో మా నాన్న ఉండడు.

నాన్న సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు.

"మాష్టారూ, నాకు ఇరవై ఏళ్ళప్పుడు గుడివాళ్ళు సామికి బట్టలు కుట్టమన్నారు. కొలత తీసుకుంటానంటే గడప దాటొద్దన్నారు. బయటే నిలబడి కళ్ళారా చూసుకుని, వచ్చి కుట్టాను. అతికినట్టు సరిపోయాయి. ఊళ్ళో అందరికీ కొలత తీశాను, ఆయనొక్కడికే తీయలేదు. ఆ రోజు నోట్లోంచి వచ్చిన మాట అది. ఇంకే మాటైనా దిద్దండి, మీరు చదువుకున్నోళ్ళు. దాని జోలికి మాత్రం రావద్దు. కొట్టు మాటేనండీ. నన్ను లోపలికి రానివ్వలేదని ఆయనే నా కొట్లోకి వచ్చాడు."

నలభై ఏళ్ళుగా పక్క మిషను మీద కూర్చున్న నేను ఆ సంగతి వినడం అదే మొదటిసారి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగే ఉంటుంది, టేపు పెట్టి చూసుకోలేదంతే.

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మళ్ళీ మార్చెయ్యమ్మా. కొలత అనే ఉండనీ."

"ఒక్క నొక్కుతో కుదరదు సార్" అంది అమ్మాయి. "తాతగారు నిజంగానే కొలువు అన్న చోట్లున్నాయి. అవన్నీ కొలతలైపోతాయి."

ప్రెస్సుకు పాటలు చెప్పి రాయించింది వాటిని పాడుకునేవాళ్ళే. నా పాత కొలతల పుస్తకాలు చూద్దామంటే నా రాత నాకే అర్థం కాదు.

"పాటలు నా నోట్లో ఉన్నాయిగా, రాసుకోండి" అన్నాడు నాన్న.

మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పాడాడు. మాష్టారు గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని, ఎర్ర పెన్నుతో తన దిద్దుబాట్లను తనే కొట్టేసుకున్నారు. ఇరవయ్యో పాటకి "మళ్ళీ చెప్పు" కాస్తా "మళ్ళీ చెప్పండి" అయింది. తొంభై దాటేసరికి "ఏమయ్యా" పోయి "అయ్యా" వచ్చింది.

చివరి పాట అయ్యాక మాష్టారు లేచారు. "అయ్యా, పుస్తకం విడుదలకి నాకో చొక్కా కుట్టిపెట్టండి. కొలత మీ కంటికి తెలుసుగా."

నాన్న మెడలోంచి టేపు తీశాడు. "మీకు తీయాల్సిందే మాష్టారూ. చేతులు కాస్త చాపండి."

మాష్టారు రెండు చేతులూ చాపి బుద్ధిగా నిలబడ్డారు. నేను కొలతల పుస్తకం తెరిచాను.