మూడు సిగరెట్ల జిగురు

ఆ వడ్రంగి షెడ్డులో గోడ గడియారం ఉండేది కానీ దాని మొహం చూసినవాడు లేడు. అక్కడ కాలం నడిచేది మేస్త్రి సిగరెట్లతో. కుర్చీ కాలు అతికించి క్లాంపు బిగిస్తే మూడు సిగరెట్ల సేపు కదపకూడదు. బల్ల పైచెక్కకి ఐదు. వార్నిష్ తొలి పూతకి ఏడు, మధ్యలో భోజనం. "ఎప్పుడు విప్పుదాం?" అని ఎవరైనా అడిగితే మేస్త్రి చేతిలోని ముక్క వంక చూసుకుని, "ఇంకా ఒకటిన్నర ఉంది" అనేవాడు. తాపీగా కాల్చేవాడు. ఒకటి అయ్యాక నాలుగడుగులు వేసి, రెండు కబుర్లు చెప్పి గానీ ఇంకొకటి ముట్టించేవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. వాన రోజుల్లో జిగురు నెమ్మదిగా ఆరుతుంది కదా అంటే, చెమ్మకి సిగరెట్టూ నెమ్మదిగానే కాలుతుందనేవాడు. అందరూ అతన్ని పొగబండి మేస్త్రి అనేవాళ్ళు. ఆ మాటకి మీసం మెలేసేవాడే గానీ నొచ్చుకునేవాడు కాదు.

నొచ్చుకున్నది ఒక్కసారి, కూతురి ఇంటి మెట్ల మీద. మూడో అంతస్తుకి పుస్తకాల అర ఒకటి మోసుకెళుతూ రెండో అంతస్తులోనే కూలబడ్డాడు. ఊపిరి తీస్తే రొమ్ములో ఈల వేసినట్టుంది. పైనుంచి ఏడేళ్ళ మనవరాలు దిగొచ్చి దాని రెండో కొస పట్టుకుని, "తాతయ్యా, నువ్వు ఊరికే పట్టుకున్నట్టు ఉండు, నేను మోస్తాలే" అంది. పిల్ల ప్రేమగానే అంది. కానీ చిన్నప్పటి నుంచీ చెక్క మోసి బతికిన మనిషికి అంతకంటే తలవంపులు ఏముంటాయి. మర్నాడే సిగరెట్టు మానేశాడు.

సంగతి ఇంట్లో చెబితే భార్య కూర కలుపుతూ "శుభం" అంది. అలాంటి శుభాలు అంతకుముందు నాలుగు జరిగాయి మరి. అన్నిట్లోకీ గొప్పది పదకొండు రోజులు నిలిచింది. ఆవిడ దెప్పినా బాగుండేది. నమ్మడం మానేసిన మనిషి అన్న ఆ ఒక్క మాట అతనికి దెప్పుల కంటే ఎక్కువ గుచ్చుకుంది. షెడ్డులో పాలిష్ పని చేసేవాడు మాత్రం మనసులో దాచుకునే రకం కాదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నా" అన్నాడు.

"నేను పుట్టినప్పుడు నా నోట్లో సిగరెట్టు లేదురా" అన్నాడు మేస్త్రి.

మొదటి వారం ఎలా గడిచిందో అతని పెన్సిల్‌ని అడగాలి. జానెడు పెన్సిల్ నమిలీ నమిలీ బెత్తెడైంది. జేబు తడుముకునీ తడుముకునీ చొక్కా గుండీ ఊడింది. కుండెడు నీళ్ళు తాగాడు, గుప్పెళ్ళకొద్దీ లవంగాలు నమిలాడు, రంపం ఎక్కడుందని అడిగినవాడి మీదా కయ్యిమన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు, క్లాంపు బిగించే ఘడియ ఒక ఎత్తు. మర చివరి చుట్టు తిరిగిందంటే చాలు, ఒళ్ళంతా 'ముట్టించు' అని పోరు పెట్టేది. సిగరెట్టు లేని పది నిమిషాలు అతనికి గంటలా ఉండేవి.

అక్కడే దెబ్బతిన్నాడు. గ్రంథాలయానికి నలభై కుర్చీలు చేసే పని వచ్చింది. ముందు ఆరు చేసి శనివారం చూపించాలి, నచ్చితే మిగతావి. తొమ్మిదో రోజున మేస్త్రి మొదటి కుర్చీ అతికించి, చాలాసేపైందిలే, ఆరిపోయి ఉంటుంది అనుకుని క్లాంపులు విప్పేశాడు. షెడ్డు యజమాని సరదాపడి కూర్చున్నాడు. వెనక కాలు అతుకు ఊడి, కుర్చీ ఒక పక్కకి, యజమాని ఇంకో పక్కకి పడ్డారు.

ఆయన నడుం పట్టుకుని లేచి అరవలేదు. అరిచినా బాగుండేది. "మేస్త్రీ, నా మాట విని ఒక్కటి కాల్చు" అన్నాడు. "నువ్వు పొగ మానితే సంతోషమే. కానీ శనివారం ఇవి నిలబడకపోతే మిగతా ముప్పై నాలుగూ ఇంకో షెడ్డుకి పోతాయి. అప్పుడు అతికించే పని వేరేవాళ్ళకి ఇచ్చి, నిన్ను ఉప్పుకాగితం రుద్దడానికి కూర్చోబెట్టాలి. అది నాకూ బాగోదు."

పాలిష్ అతను సిగరెట్టు పెట్టె తెరిచి ముందుకు చాపాడు. మేస్త్రి ఒకటి తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

రేకు చూరు కింద నిలబడ్డాడు. వాన మొదలైంది. సిగరెట్టు పెదాల మధ్య పెట్టుకున్నాడు, అగ్గిపుల్ల తీశాడు. ఎవరూ తప్పుపట్టరు. యజమానే కాల్చమన్నాడు, పని కూడా కాల్చమంటోంది. ఇంత మంచి సాకు గతంలో నాలుగుసార్లూ దొరకలేదు. గీసేవాడే. కానీ ఉన్నట్టుండి ఒళ్ళు మండింది. పదహారో ఏట ఉలి పట్టాడు. ఇన్నేళ్ళ పనితనం ఈ వేలెడు కాగితపు గొట్టంలో ఉందా? ఇది లేకపోతే కుర్చీ కాలు నిలబెట్టడం రాదా? అసలు ఈ షెడ్డులో మేస్త్రి ఎవరు, తనా, ఇదా? కోపంతో దాన్ని పిడికిట్లో నలిపి వాన నీళ్ళలో పారేసి లోపలికి వచ్చాడు.

కాలు మళ్ళీ అతికించి క్లాంపు బిగించాడు. గడియారం చూద్దామా అంటే, దానికి ఎండ ఒకటే, వాన ఒకటే. చెమ్మ ఎంతుందో దానికేం తెలుసు. దిక్కుతోచక అతుకు దగ్గర వంగి కూర్చున్నాడు. అప్పుడు తగిలింది ముక్కుకి ఒక పుల్లటి వాసన. ఎక్కడిదో అర్థం కాలేదు. ఇంకాస్త వంగితే తెలిసింది, పచ్చి జిగురుది. పని నేర్చుకునే రోజుల్లో ఎప్పుడో ఎరుగును ఆ వాసన. దానికి వాసన ఉంటుందనే మర్చిపోయాడు.

ఇంతలో రావలసింది రానే వచ్చింది, 'ముట్టించు' అంటూ. పిలవని చుట్టం కదా, పీట వేయకపోతే తనే పోతుందని లేచి, రెండో కుర్చీ కాలుకి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. చెక్క పొరలు రాలుతూ ఉండగానే అది కాసేపు గింజుకుని పోయింది. వచ్చి అతుకు వాసన చూశాడు. ఇంకా పులుపే. మళ్ళీ చిత్రిక. మళ్ళీ వాసన. పులుపు పూర్తిగా పోయాక, బయటికి ఉబికిన జిగురు బొట్టుని గోటితో నొక్కాడు. నొక్కు పడలేదు. అప్పుడు విప్పాడు. పొడి రోజు కంటే రెండింతలు పట్టింది. ఆరు కుర్చీలూ అలాగే అతికించాడు. పదకొండో రోజు దాటింది, పన్నెండో రోజూ దాటింది. పనిలో పడి అతను లెక్కే చూసుకోలేదు.

శనివారం గ్రంథాలయాధికారిణి వచ్చింది. నిండైన మనిషి, నిదానమైన మనిషి. కూర్చుంది, వెనక్కి వాలింది, పక్కలకి ఊగింది, చివరికి చెప్పులు విప్పి కుర్చీ ఎక్కి నిలబడింది. యజమాని కళ్ళు మూసుకున్నాడు. ఆరు కుర్చీల్లో ఒక్కటీ కిర్రుమనలేదు. "మిగతావీ ఈ చేత్తోనే చేయించండి" అని దిగింది. మేస్త్రికి గుండె ఉప్పొంగి, అక్కడే ఎవరినైనా కావలించుకోవాలనిపించింది.

పాలిష్ అతను పెట్టె తీశాడు. "ఇవాళ ఒక్కటి, పండగ చేసుకుందాం అన్నా."

"ఎందుకురా? జిగురు ఆరిపోయిందిగా" అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "కూర అడుగంటుతోంది చూడు" అన్నాడు. లోపల బట్టలు మడతపెడుతున్న భార్య వంటగదికి పరుగెత్తింది. మూత తీస్తే నిజంగానే అప్పుడప్పుడే అంటుకుంటోంది. ఆవిడకే ఇంకా వాసన తగల్లేదు. పొయ్యి ఆపి, గరిటె పట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళూ నేను మాడ్చినవన్నీ బాగున్నాయని తిన్నారు."

"బాగున్నాయనే అనుకున్నానే."

ఆవిడ నవ్వబోయింది. నవ్వుకి ముందు కళ్ళు నిండాయి. చేయి తుడుచుకుని ఫోను తీసి కూతురికి కలిపింది.

"ఏమే, మీ నాన్న సిగరెట్టు మానేశారు" అంది. అవతల ఏమడిగారో, ఒక్క క్షణం విని, భర్త వంక చూస్తూ, "నిజమేనే, నేను చెబుతున్నాగా" అంది.