శుక్రవారం క్లాసు

"నా కీర్తనల పుస్తకానికి ఆనిచ్చి డ్యాన్సు జూస్తున్నరా?" అంటూ మామయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

టీపాయ్ మీద ఫోను నిలబడాలంటే వెనక ఏదో ఒక ఆసరా ఉండాలి. ఆ రోజు నా చేతికందింది ఆ పుస్తకమే.

"అండ్ల ఉన్నయి గుడ పాటలే గదనయ్యా," అంది అత్తమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ.

"పాటలే గని గంతులు గావు. తియ్యి."

"ఆనిస్తే అరిగిపోతదా నీ పుస్తకం?"

"పుస్తకం అరగదు. సంఘంల నా మాట అరుగుతది."

నేను పుస్తకం తీసి ఆయన చేతికిచ్చి, పోపుల డబ్బా తెచ్చి ఫోను వెనక పెట్టాను. మామయ్య పుస్తకం తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నారు. వెళ్ళలేదు.

మాది మందమర్రి. మామయ్య ఆశీర్వాదం గారు బొగ్గుబాయిలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు మా మెథడిస్టు సంఘంలో పెద్ద. అత్తమ్మ ప్రేమమ్మకు పన్నెండేళ్ళుగా షుగరు. పోయినేడు కరీంనగర్ ఆసుపత్రిలో ఎడమకాలి చిటికెన వేలు తీసేశారు. ఇంకో వేలు పోకూడదంటే ఒళ్ళు కదలాలి అన్నారు డాక్టరు. పార్కులో యోగా ఉందంటే అత్తమ్మ పోనంది. అక్కడ సూర్యుడికి దండం పెట్టాలట. తురకోళ్ళ ఆడవాళ్ళదీ అదే మాట. అందుకని ఆ ఆసుపత్రివాళ్ళే మైనారిటీ ఆడవాళ్ళ కోసం ఫోనులో డ్యాన్సు క్లాసు మొదలుపెట్టారు. మంగళవారం, గురువారం సాయంత్రం నాలుగింటికి. కరీంనగర్‌లో నవ్యశ్రీ అనే అమ్మాయి అడుగులు వేసి చూపిస్తుంది, ఇళ్ళల్లో ఇరవైమంది వేస్తారు. కొందరు కెమెరా పెట్టరు, తెర మీద నల్లటి గళ్ళుగా కనబడతారు. అత్తమ్మ ఆ గళ్ళను కూడా పలకరిస్తుంది.

"ఉన్నరా ఆపా?"

"ఉన్నం ప్రేమమ్మా, నీ కాలు ఎట్లుంది?" అంటుంది ఒక నల్లగడి.

మొదట్లో అత్తమ్మ సిగ్గుపడింది. క్రిస్మసు క్యారల్స్‌కు మగవాళ్ళు డప్పుకు ఎగురుతారు, ఆడవాళ్ళు కానుకల పళ్ళెం పట్టుకొని వెనక నిలబడతారు. "అరవై ఏండ్లు పళ్ళెమే పట్టిన బిడ్డా," అంది నాతో. రెండో వారానికి మూడున్నరకే షుగరు వాళ్ళు వేసుకునే మెత్తటి ఎం.సి.ఆర్ చెప్పులు తొడుక్కొని గదిలో అటూ ఇటూ తిరిగేది. పొద్దున పరగడుపున చూసే షుగరు నేను క్యాలెండరు మీద రాస్తాను. రెండు నెలల్లో అది రెండువందల నలభై ఎనిమిది నుంచి నూట యాభైరెండుకు వచ్చింది.

ఈ నెల నుంచి శుక్రవారం కూడా క్లాసు పెట్టారు. మామయ్య పుస్తకం తీయించిన ఆ రోజే మొదటి శుక్రవారం.

నాలుగో పాటకు కుడికాలు ముందుకు, రెండు చప్పట్లు, వెనక్కి. అత్తమ్మ చప్పట్లలో ఒకటి తప్పింది. తర్వాత రెండూ తప్పాయి. నుదుటి మీద చెమట చూసి నేను లేచేలోపే గోడ పట్టుకొని జారిపోయింది.

వేలు గుచ్చి చూస్తే షుగరు యాభైనాలుగు. చక్కెర నీళ్ళు గ్లాసుడు తాగించాను. ఫోనులోంచి నవ్యశ్రీ అరుస్తోంది, "మహిమక్కా, ఆంటీ అన్నం తిన్నదా? ఏమన్న తిన్నదా?"

"సాలు!" అన్నారు మామయ్య. "బంద్ జెయ్యి గా ఫోను. ముసలిదాన్ని ఎగిరిచ్చి సంపుతరా? ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్ల గా క్లాసు లేదు."

కానీ నవ్యశ్రీ ప్రశ్న నా చెవిలో ఉండిపోయింది. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. షుగరు మాత్ర వేసుకొని ఉపవాసం ఉండొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం రెండిడ్లీలు డబ్బాలో పెట్టి ఇస్తున్నాను. డబ్బా ఖాళీగానే వస్తోంది.

మామయ్య నీళ్ళకు లేచినప్పుడు అడిగాను. "అత్తమ్మా, ఇడ్లీలు ఎవరు తిన్నరు?"

కళ్ళు మూసుకొనే చెప్పింది. "చర్చి ఊడ్చే రాములుకిస్త. ముప్పై ఏండ్ల సంది శుక్రవారం పొద్దుమూకే దాంక ముద్ద ముట్టలే నేను. అందరికన్న పెద్దదాన్ని, నేనే తింటే ఎట్లుంటది? మాత్ర మాత్రం ఏసుకుంట. కండ్లు తిరిగితే జర కూసుంట."

"ఈరోజు కూచోలేదు."

"ఇయ్యాల దరువుంది గద." కొద్దిగా నవ్వి, నా చెయ్యి పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు."

చెప్పలేదు. రోజూ క్యాలెండరు మీద అంకెలు రాసేదాన్ని, ఒక్క డబ్బా సంగతి కనిపెట్టలేకపోయాను. ఆ కోపం నామీద నాకే ఉంది.

తర్వాతి రోజుల్లో ఇంట్లో ఎవరూ ఒక చోట నిలవలేదు. నాలుగయ్యేసరికి అత్తమ్మ లేచేది, గది మధ్యకు వచ్చి నిలబడేది, మళ్ళీ కూర్చునేది. ఆరిన బట్టలు మడతపెట్టి, విప్పి మళ్ళీ మడతపెట్టేది. బియ్యంలో లేని రాళ్ళు ఏరేది. నేను వంటింట్లోంచి గడియారం చూసేదాన్ని. మామయ్య పేపరు తిప్పుతూ "ఏంది గా నడుసుడు, పరేషాన్ జేత్తున్నవ్," అనేవారు. క్యాలెండరు మీద నూట అరవై ఎనిమిది. నూట తొంభై. రెండువందల పదకొండు.

ఉపవాసం ఎలాగూ మానదని ఆ శుక్రవారం డబ్బా ఇవ్వలేదు నేను. మాత్ర కూడా ఇవ్వలేదు. అత్తమ్మ అడగలేదు. అలా ఎంతకాలమో మా ఇద్దరికీ తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర కోమల ఎదురొచ్చింది. మా వీధిదే, ఆమె కూడా క్లాసులో ఉండేది.

"నేను గుడ బంద్ జేసిన పెద్దమ్మా. నువ్వు పడ్డవంటే మా ఆయన భయపడ్డడు. మొత్తం ఆరుగురం మానేసినం. గా కరీంనగర్ పిల్లకు ఏం తెల్వకనే ఆడిపిస్తుందట గద."

"ఎవ్వలన్నరు?"

"అందరంటున్రు."

ఇంటికి వచ్చేదాకా అత్తమ్మ ఆటోలో కాళ్ళు ఆడిస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం మా ఆయన వెస్లీకి కూడా డ్యూటీ లేదు. నలుగురం కింద కూర్చున్నాం. మామయ్య ప్రార్థన చేసి ఆమెన్ అన్నారు. నేను కూర వడ్డిస్తున్నాను. అత్తమ్మ ముద్ద కలపలేదు.

"ఒక మాట చెప్త, ఇనుర్రి. నేను పడ్డది డ్యాన్సుతోని కాదు. మాత్రేసుకొని ఉపాసం ఉన్న. మహిమ పెట్టిన ఇడ్లీలు రాములుకిచ్చి, తిన్ననని అబద్ధమాడిన. గా పిల్ల తప్పేం లేదు."

వెస్లీ నావైపు చూశాడు. "నీకెరికేనా?"

"ఆమెను నేనే చెప్పద్దన్న," అంది అత్తమ్మ. "మంగళారం సంది క్లాసు చేస్త. శుక్రారం తిని మాత్రేసుకొని ఉపాస కూడికకు పోత. పోయి, ఎందుకు తిన్ననో ఆడోళ్ళందరికి లేచి చెప్త. కోమలను నేనే మళ్ళ పిలుచుకొస్త."

మామయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "సంఘంల పెద్దోని భార్యవు. తిన్ననని లేచి చెప్తవా?"

"చెప్త."

"పాస్టరుగారు ఏమంటడో?"

"అడుగు పోయి. నేనైతే నిన్ను అడుగుతలే, చెప్తున్న."

అత్తమ్మ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.