నల్లచెంబు

హేమంత ఋతువు. వేకువజామున సముద్రమునుండి లేచి కాకినాడ రేవును గ్రమ్మిన మంచు సూర్యోదయానంతరమునను వీడక ఉప్పుటేటి పడవల తెఱచాపలను తడిపి కొట్ల ముందరి బియ్యపు బస్తాలను చెమర్చి వీథులవెంట మందగమనమున సాగి మాజేటి భావనారాయణశ్రేష్ఠిగారి మేడ కిటికీలకడ నిలిచి లోనికి తొంగిచూచుచున్నట్లుండెను. మంచునకేమి, అది చూడవచ్చును. మేడమీది పడమటి గదిలో నడుగిడుటకు ఆ యింటి యిల్లాలైన అలివేలమ్మకు మాత్రము అనుమతి లేదు.

శ్రేష్ఠిగారు యౌవనమున బియ్యపు బేరమునకై ఓడనెక్కి జపాను దేశమునకు బోయిరి. బేరమెట్లున్నదో యెవ్వరును అడుగలేదు గాని తిరిగివచ్చిన మనుష్యుడు పోయినవాడు కాడని యింటివారందఱును ఆ దినముననే కనిపెట్టిరి. నాటినుండి ఓడలమీద పెట్టెలు వచ్చుచునే యుండెను. నల్లని లక్కపూతపై బంగారు పొడి చల్లి కొంగలను వెదురుపొదలను చిత్రించిన భరిణెలును, చంద్రకాంతి ఘనీభవించినట్లున్న పింగాణి గిన్నెలును, విప్పినచో గోడంత వెడల్పై మూసినచో మూరెడగు మడతతెరలును, రెండు మూడు శతాబ్దముల నాటివి కొన్నియు నిన్నమొన్న పడుచుశిల్పులు చేసినవి కొన్నియు ఆ గదిలో బారులు దీరెను. ఊరివారు ఆయనను జపాను శెట్టిగారనిరి. ఆయన కోపింపక పైపెచ్చు మురిసిరి.

వానియన్నిటిలోను ఆయనకు ప్రాణసమానమైనది యొక లోహకలశము. క్యోటో నగరమున నేటికిని జీవించియున్న యొక శిల్పి రాగిలో నించుక బంగారము కరిగించి కలిపి పోసి దానికి కాకిరెక్కవలె నీలిచాయ దాచుకొన్న నలుపును తెప్పించి ఆ నలుపుపై వెండితో నిండుచంద్రుని, ఆ చంద్రునివైపు బోవు మూడు హంసలను పొదిగియుండెను. నలుపు పూత గాదు. లోహమే యొడలు మార్చుకొని రాత్రియైనది. ఆ రాత్రియే ఆ కలశము వెల. అలివేలమ్మ మాత్రము తలుపుసందునుండి చూచిన తొలినాడే దానికి నల్లచెంబని పేరుపెట్టెను. "చెంబేమిటే, చెంబు! నోరు మూసుకో" అని భర్త కసరెను. ఆమె నోరు మూసుకొనెను గాని పేరు మార్చలేదు.

ఆమెకు జపాను వస్తువులపై ఆశ లేదు. దొరలును పండితులును వచ్చినప్పుడెల్ల భర్త గది తలుపులు బార్లా తెఱచి ఒక్కొక్కదానిని చేతులలోనికి దీసికొని పసిబిడ్డను చూపినట్లు చూపుచుండగా ఆమె మెట్లమీద ఫలహారపు పళ్లెముతో నిలిచి యేనాటికైన ఆయన వెనుకకు తిరిగి "ఈమె మా యింటిది, రావే, నీవును చూడుము" అనునేమో యని కాచుకొనియుండెడిది. అంతియే ఆమె కోరిక. పళ్లెము నందుకొనుటకు తప్ప ఆయన వెనుకకు తిరిగిన దినము లేదు.

ఆ మంచువేళ చెన్నపట్టణపు ధూమశకటమున దువ్వూరి సుందరేశ్వరరావుగారను కళావిమర్శకులు రానుండిరి. ఆయన మెచ్చినచో శ్రేష్ఠిగారి జీవితసంచయము చెన్నపట్టణమున మహాసభాభవనమందు ప్రదర్శితమగును. ఉత్సాహాతిరేకమున శ్రేష్ఠిగారికి ఆ ఉదయము కాలు నేలకు ఆనుటలేదు. స్టేషనుకు బయలుదేరుచు మెట్లకడ ఆగి మొలనున్న తాళపుచెవిని దీసి భార్య చేతిలో పెట్టిరి.

"గది ఊడ్పించి ఉంచు. ఆ చెంబు సంగతి నువ్వే చూసుకో. ఇంకెవరి చేతా ముట్టించకు."

బండి కదలిపోయెను. అలివేలమ్మ తాళపుచెవిని పిడికిట బట్టుకొని నిలువునా నిలిచిపోయెను. చెంబనెను! ఇన్నేండ్లుగా కసరిన నోటితోనే తాను పెట్టిన పేరు పలికెను! అందును, నీవే చూచుకొమ్మనెను. తెలుగింట ఇల్లాలితో చెంబు సంగతి చూచుకొమ్మన్నచో దాని యర్థమేమో తోమిన చేతులకు వేఱుగ చెప్పవలయునా? కావలి యుండుమని ఆయన యుద్దేశము. చుట్టములు వచ్చువేళకు మెఱయునట్లు చేయుమని ఆమెకు వినబడినది. చదువరులారా, ఇందు తప్పు ఎవరిదని నన్నడుగకుడు.

ఆమె స్నానముచేసి పట్టుచీర కట్టుకొని తలుపు తీసెను. గదిని తానే ఊడ్చెను. కలశమును రెండుచేతుల నెత్తి పెరటి నూతిగట్టుకు దెచ్చి నానిన చింతపండును జల్లించిన బూడిదయు కొబ్బరిపీచును ముందిడుకొని కూర్చుండెను. పనిమనిషి పోలమ్మ పరుగున వచ్చి "నేను తోముతానమ్మగోరూ, ఇలాగివ్వండి" అనగా "కాదే, నన్నే తోమమన్నారు" అని ఆమె పలికిన పలుకులోని గర్వము ఆమె జీవితమున ముందెన్నడును ఎఱుగనిది. నాలుగు రుద్దులకే నలుపు కరగి వ్రేళ్లసందులనుండి కారెను. దానిక్రింద నెఱ్ఱని రాగి తళుక్కుమనెను. అయ్యో, ఇన్నియేండ్ల మసి! ఎవ్వరిని ముట్టనీయక పాపము ఈ మనుష్యుడు మసిచెంబునే చూచుకొని మురియుచుండెనా యని ఆమెకు జాలికలిగెను. జాలితోపాటు నవ్వును, నవ్వుతోపాటు కన్నీరును వచ్చెను. చేతులు మండువఱకు తోమెను. మేడమీద యథాస్థానమున నిలిపి శుభకార్యపు చెంబునకు పెట్టినట్లు చంద్రునికి పైగా కుంకుమబొట్టు పెట్టెను.

బండి వచ్చెను. శ్రేష్ఠిగారు అతిథిని ముందిడుకొని మాటలాడుచునే మెట్లెక్కిరి. వెనుక కాఫీ పళ్లెముతో అలివేలమ్మ యెక్కెను. ఆమె గుండెలు పెండ్లిపీటలమీద కొట్టుకొన్నట్లు కొట్టుకొనుచుండెను. తలుపు తెఱవబడెను.

రాత్రి లేదు. పెరటి గూటిలో నుంచదగిన యెఱ్ఱని రాగిచెంబొకటి యుదయపుటెండలో ధగధగలాడుచుండెను. దానిపై వెండిచంద్రుడు వెలవెలబోయి హంసలు పోవుటకు చోటులేక నిలిచిపోయినట్లుండెను.

సుందరేశ్వరరావుగారు నెమ్మదిగల మనుష్యులు. కలశమును వంగి చూచి "ఎవరు చేశారండీ ఈ పని?" అని మాత్రము అడిగిరి.

శ్రేష్ఠిగారు వెనుకకు తిరిగిరి. చింతపులుసుకు తెల్లబోయి ముడుతలుపడిన వ్రేళ్లతో పళ్లెము పట్టుకొని, మెప్పుకొఱకు మొగమంతయు విప్పార్చుకొని నిలిచిన భార్యను చూచిరి. అంతటి విద్వాంసుని యెదుట ఆయనకు సిగ్గు ముంచుకొని వచ్చెను.

"పనిమనిషండీ" అనిరి.

పళ్లెము క్రిందపడలేదు. కాఫీ తొణకలేదు. అలివేలమ్మ ముందునకు వచ్చి అతిథికి గ్లాసు అందించి భర్తకు గ్లాసు అందించి తలవంచుకొని దిగిపోయెను. ఆ వచ్చినదెవరో అతిథికి తెలియలేదు. ఆయన కలశమును త్రిప్పి త్రిప్పి చూచి శ్రేష్ఠిగారిని ఓదార్చుచుండిరి. శిల్పి బ్రతికియే యున్నాడు గదా, వారు ముల్లంగి తురిమిన రసమున ముంచి మైలుతుత్తపు నీట కాచి యీ నలుపు తెప్పింతురు, లోహము చెడలేదు, మరల పంపినచో మరల రాత్రియై తిరిగివచ్చును అని చెప్పిరి. శ్రేష్ఠిగారికి పోయిన ప్రాణము లేచివచ్చెను. ఆ సంతోషమున తానాడిన మాటను మఱచిరి.

అతిథి యొక మిత్రునింట విందునకు వెడలిరి. మధ్యాహ్నము శ్రేష్ఠిగారు భుజించి లేచిరి. పెండ్లియైననాటినుండి అలివేలమ్మ భర్త తిన్న విస్తరిలోనే వడ్డించుకొని తినెడిది. అది ఆ కాలపు ఆచారము. ఆమెకది ఆచారము గాదు, దినమునకొకసారి ఆయన ప్రక్కన కూర్చుండుటవంటిది. ఆనాడు ఆమె ఆ విస్తరిని తీసి పాఱవేసి వంటింటివెనుక వసారాలో పోలమ్మ యెదుట వేఱొక ఆకు పఱచుకొని కూర్చుండెను.

"ఇక్కడేంటమ్మగోరూ?" అని పోలమ్మ హడలిపోయెను.

"ఎక్కడైతేనేమే, అన్నమేగా" అని అలివేలమ్మ ముద్ద కలిపెను. అది అలుక గాదు. అలుకయైనచో తీర్చువారికొఱకు ఎదురుచూపు ఉండును. ఆ విస్తరిముందు కూర్చుండుటకు తనకు హక్కులేదని ఆమెకు తోచెను, అంతియే. తోచిన పిమ్మట ఎంత ప్రయత్నించినను తోచకపోలేదు.

శ్రేష్ఠిగారు మూడవనాడు కనిపెట్టిరి. కారణము తెలియుటకు నిమిషము పట్టలేదు. ఆ రాత్రి ఆయనకు నిద్రలేదు. చీరలు తెచ్చిరి. ఆమె కట్టుకొనెను. గది తాళపుచెవి యామెకే విడిచిరి. ఆమె దినమును నేల ఊడ్చి తాళమువేసి చెవిని ఆయన పడకకడ గూటిలోనే యుంచెను. వేళకు నీళ్లు, వేళకు మందు, వేళకు వడ్డన. ఒక్కమాట కఠినముగ లేదు. ఒక్కసారి తిట్టియుండినచో ఆయన కాళ్లు పట్టుకొనెడివారే. పట్టుకొనుటకు సందే దొరకలేదు.

గ్రీష్మాంతమున కలశము జపానునుండి తిరిగివచ్చెను. శిల్పి చేయి తప్పలేదు. అదే కాకిరెక్క నలుపు, అందులో అదే చంద్రుడు. చెన్నపట్టణమున ప్రదర్శనము జరిగెను. గవర్నరు దంపతులు కలశము ముందు చాలసేపు నిలిచిరి. సభికులు శ్రేష్ఠిగారికి పుష్పమాలికలు వేసిరి. శ్రేష్ఠిగారు ఆ మాలికలతోనే బండినుండి దిగి మేడయెక్కక తిన్నగా ఇల్లు దాటి వంటింటివెనుకకు నడచిరి. దారిపొడవునను ఆయన వల్లెవేసికొన్నది ఒక్కటే మాట. నీ సరసన కూర్చుందును.

వసారాలో ఇద్దఱును తినుచుండిరి. ఆయన తలపాగ తీసి గట్టుపై నుంచి ఆ వయసున మోకాళ్లు మడుచుకొని అలివేలమ్మ ఆకు ప్రక్కన వట్టినేలపై కూర్చుండిరి.

"అలివేలూ, నాకూ ఇక్కడే పెట్టవే" అనిరి. అంతవఱకు ఆయన ఆమెను పేరుతో పిలిచియుండలేదు.

యజమాని వచ్చి కూర్చుండగా పోలమ్మ అలవాటుచొప్పున దిగ్గున లేచి గోడవారకు జరిగెను. లేవవలదని అలివేలమ్మ మనస్సు అఱచుచుండెను. ఇన్నేండ్ల కోరిక ప్రక్కనే కూర్చుండి పేరుపెట్టి పిలుచుచున్నది, కూర్చుండుము, కదలకుము అని బ్రతిమాలుచుండెను. కాళ్లు వినలేదు. ఆమెయును లేచెను.

"కూర్చోవే" అని ఆయన ఆమె ఆకును చూపిరి.

"కూర్చుంటానండి. మీరు కానివ్వండి."

లోహము మఱచిపోయిన రంగును ముల్లంగి రసముతో జ్ఞప్తికి దెచ్చు విద్య జపానువారికి తెలియును. ఒక మాట తాకి మాఱిన మనుష్యునికి పూర్వపు చాయ తెచ్చు విద్య ఏ దేశపు శిల్పికిని తెలిసినట్లు లేదు. శ్రేష్ఠిగారు తలయెత్తి చూచిరి. ఎదుట గోడనానుకొని ఇద్దఱు స్త్రీలు ఎంగిలిచేతులతో నిలిచియుండిరి. ఆయన లేచి వెళ్లువఱకు వారిలో ఎవ్వరును కూర్చుండలేదు.